ఫార్మకాలజీలో రీసెర్చ్ మాస్టర్స్: చేతికొచ్చిన ఫలితాన్ని అనుమానించే చదువు

వ్యాఖ్యాత: నమస్కారం. ఫార్మకాలజీలో పరిశోధన ప్రధానంగా సాగే మాస్టర్స్ డిగ్రీ గురించి ఈరోజు మాట్లాడుకుందాం. చాలా ఏళ్లుగా విద్యార్థులకు గైడుగా ఉంటున్న ప్రొఫెసర్ గారు, కొత్త మందుల భద్రతను పరీక్షించే టాక్సికాలజిస్టు గారు, ఈమధ్యే థీసిస్ పూర్తిచేసిన ఒక విద్యార్థి మనతో ఉన్నారు. మేడమ్, మామూలు మాస్టర్స్‌కీ దీనికీ తేడా ఎక్కడ?

ప్రొఫెసర్: ముందు ఒక్క మాట. ఫార్మసీ, ఫార్మకాలజీ ఒకటే అనుకుని వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మందును తయారుచేయడం, రోగికి సరిగ్గా అందించడం ఫార్మసీ పని. మందు శరీరాన్ని ఏం చేస్తుంది, శరీరం మందును ఏం చేస్తుంది అన్నది మాది. ఇక తేడా అంటారా, క్లాసులూ పరీక్షలూ ఉండే కోర్సులో ప్రశ్న పేపర్లో వస్తుంది, జవాబు పుస్తకంలో దొరుకుతుంది. ఇక్కడ ప్రశ్న మనమే వేసుకోవాలి. జవాబు గైడుకు కూడా తెలియదు. చాలామంది తడబడేది అక్కడే.

వ్యాఖ్యాత: (విద్యార్థితో) మీ ప్రశ్న ఏమిటండీ?

విద్యార్థి: ఒక మొక్క నుంచి వేరుచేసిన పదార్థం రక్తనాళాన్ని సడలిస్తుందా అని. ఎలుక బృహద్ధమనిని సన్నటి రింగులుగా కోసి ఆర్గాన్ బాత్‌లో, అంటే ఆ ముక్కను బతికించి ఉంచే చిన్న ద్రావణపు తొట్టిలో, వేలాడదీస్తాం. 37 డిగ్రీల దగ్గర క్రెబ్స్ ద్రావణం అనే లవణాలు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు, అందులోకి 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ బుడగలు. ఫినైలెఫ్రిన్ వేయగానే రింగు బిగుసుకుంటుంది, స్క్రీన్ మీద గీత లేస్తుంది. ఆ తర్వాత నా పదార్థాన్ని డోసు డోసుకీ పెంచుకుంటూ పోతే గీత మెట్లు మెట్లుగా కిందికి దిగింది. ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

వ్యాఖ్యాత: మరి అక్కడితో పని అయిపోలేదా?

విద్యార్థి: నేనూ అలాగే అనుకున్నాను. నాలుగు నెలలు అదే ప్రయోగం చేశాను. ఆ పదార్థం నీళ్లలో కరగదు, డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించేవాణ్ణి. ఒకరోజు మా గైడు గీతలన్నీ ముందు పెట్టుకుని, "ఒట్టి డీఎంఎస్ఓ వేసి చూశావా?" అన్నారు. చూడలేదు. ఆ సాయంత్రమే వేశాను. గీత దాదాపు అంతే దిగింది. చివరి డోసుకొచ్చేసరికి బాత్‌లో డీఎంఎస్ఓ ఒక శాతం దాటిపోతోంది. నేను కొలిచిందంతా ద్రావకం ప్రభావమే. కుర్చీలో కూలబడిపోయాను.

ప్రొఫెసర్: బాబూ, ఆ సాయంత్రం నువ్వు నేర్చుకున్నది ఏ సెమిస్టర్లోనూ రాదు. నీ ప్రయోగంలో పొరపాటు ఎక్కడ దాక్కుందో వెతికితే ఒక్కోసారి కొత్త విషయమే బయటపడుతుంది. నరాలు సంకేతాలు పంపడానికి వాడే అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని జంతువుకు ఎక్కిస్తే రక్తనాళాలు సడలుతాయి. అదే కోసి తీసిన కుందేలు నాళం ముక్క మీద వేస్తే బిగుసుకునేది. అమెరికన్ శాస్త్రవేత్త రాబర్ట్ ఫర్చ్‌గాట్‌కు ఏళ్లతరబడి ఈ చిక్కు విడలేదు. చివరికి తేలిందేమిటంటే, ముక్కను సిద్ధం చేసేటప్పుడు లోపలి సన్నటి పొర, ఎండోథీలియం, రుద్దుకుని ఊడిపోతోంది. పొర ఉంటే సడలింపు, పోతే బిగింపు. 1980లో ఆ పేపర్ వచ్చింది. ఆ పొర పంపే సంకేతం నైట్రిక్ ఆక్సైడ్ అని తర్వాత తెలిసింది. 1998లో ఇగ్నారో, మురాద్‌లతో కలిసి ఆయనకు నోబెల్ ఇచ్చారు. వేళ్లు చేసే పనిని తక్కువగా చూడొద్దని మా పిల్లలకు చెప్పేది ఇందుకే. మొదటి రెండు నెలలు నేను ఫలితం అడగను. అసిటైల్‌కోలిన్‌కు రింగు సడలుతోందా, పొర బతికే ఉందా, అదే అడుగుతాను.

టాక్సికాలజిస్టు: నేనొకటి కలుపుతాను మేడమ్. మా దగ్గరికి ఇంటర్వ్యూకి వచ్చేవాళ్లు తెచ్చే థీసిస్‌లలో నన్ను బాధపెట్టేది లెక్క. ఒక్క ఎలుక నుంచి ఆరు రింగులు తీసి, నమూనాలు ఆరు అని రాస్తారు. అవి ఆరు కాదు, ఒకటే. ఆరు అనాలంటే ఆరు జంతువులు కావాలి. రసెల్, బర్చ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1959లో మూడు సూత్రాలు చెప్పారు: వీలైతే జంతువు బదులు వేరే పద్ధతి, వీలైనంత తక్కువ జంతువులు, వీలైనంత తక్కువ బాధ. తక్కువ అంటే జవాబు రానంత తక్కువ కాదు. ఏమీ తేల్చలేని ప్రయోగానికి పోయిన ప్రాణం ఉత్త పుణ్యానికి పోయినట్టే. అందుకే గణాంకాలు తెలిసిన మనిషిని మొదటి ప్రయోగానికి ముందే కలవాలి. డేటా అంతా పోగయ్యాక కాదు.

వ్యాఖ్యాత: పీహెచ్‌డీ చేయకపోతే ఈ డిగ్రీకి విలువ ఉండదంటారు. నిజమేనా?

టాక్సికాలజిస్టు: గెర్‌ట్రూడ్ ఎలియన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1941లో రసాయనశాస్త్రంలో మాస్టర్స్ పొందారు. పీహెచ్‌డీ పార్ట్‌టైమ్‌గా మొదలుపెడితే, ఉద్యోగం మానేసి పూర్తికాలం చదవమన్నారు. ఆవిడ ఉద్యోగాన్నే ఎంచుకున్నారు. లుకేమియాకు వాడే మెర్‌కాప్టోప్యూరిన్ అనే మందు ఆవిడా, ఆవిడతో పనిచేసిన శాస్త్రవేత్త హిచింగ్స్ కలిసి చేసిన పనిలోంచే వచ్చింది. 1988 నోబెల్ ఆ ఇద్దరికీ జేమ్స్ బ్లాక్‌కూ కలిపి ఇచ్చారు. ఆ మాట చెప్పి ఎవరినీ మభ్యపెట్టను. ఈ రోజుల్లో సొంత ల్యాబ్ నడపాలంటే మామూలుగా పీహెచ్‌డీ అడుగుతారు. కానీ క్లినికల్ ట్రయల్స్, మందుల భద్రత, అనుమతుల విభాగాలు, వీటన్నిటిలో ముడి డేటా చదవగలిగిన మాస్టర్స్ మనిషి అవసరం ఉంది.

వ్యాఖ్యాత: ఒక కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. నాకు క్యాన్సర్ మీద రీసెర్చ్ చేయాలని ఉంది. ఎలాంటి ల్యాబ్ చూసుకోవాలి?

ప్రొఫెసర్: క్యాన్సర్ అన్నది ప్రశ్న కాదమ్మా, అదొక సముద్రం. నీకున్నది ఒకటి రెండేళ్లు. కొన్ని క్యాన్సర్ కణాలు లోపలికొచ్చిన మందును బయటికి నెట్టేస్తాయి. పి-గ్లైకోప్రొటీన్ అనే పంపు అందుకు ఒక కారణం. ఫలానా మందుకు లొంగని ఫలానా కణాల్లో ఆ పంపు పెరిగిందా, దాన్ని అడ్డుకుంటే మందు మళ్లీ పనిచేస్తుందా? ఇంత చిన్నది చేసుకో. అవును అన్నా కాదు అన్నా రాయడానికి నీకేదో ఒకటి మిగలాలి.

విద్యార్థి: ల్యాబ్ గురించి నేను చెప్పొచ్చా? గైడు లేనప్పుడు వెళ్లి సీనియర్లతో మాట్లాడండి. మీ గైడు చివరిసారి మీ ముడి గీతలు ఎప్పుడు చూశారని అడగండి. పోయిన వారం అంటే ఆ ల్యాబ్‌లో చేరొచ్చు. నవ్వి ఊరుకుంటే ఆలోచించండి. జంతువుల పని ఉంటే ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చేదాకా ఒక్క ప్రయోగం కూడా మొదలుపెట్టలేం, కాబట్టి చేరగానే ఆ దరఖాస్తు రాయడం మొదలుపెట్టాలి.

కాలర్: ఒకవేళ ఫలితం ఏమీ రాకపోతే డిగ్రీ ఇస్తారా అన్నా?

విద్యార్థి: డీఎంఎస్ఓను 0.1 శాతానికి తగ్గించి మొత్తం మళ్లీ చేశాను. ఆఖరి డోసు దగ్గర మాత్రమే కాస్త సడలింపు మిగిలింది. థీసిస్ మూడో అధ్యాయంలో ఆ రెండు గీతలూ పక్కపక్కనే వేశాను, మొదటి నాలుగు నెలలవీ, తర్వాతవీ. వైవాలో సగం సేపు ఆ ఒక్క పేజీ మీదే అడిగారు. డిగ్రీ ఇచ్చారు చెల్లీ.