అడిగితే ఇవ్వగలిగే చాకు

(శ్రీకాకుళంలో నర్సరీ రైతులు, తోటపని నేర్చుకుంటున్న విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ముందు నా జేబులో ఉన్నది తీసి ఈ బల్ల మీద పెడుతున్నాను. వెనక వరసల వాళ్ళకి కనిపించదేమో, అందుకని చెబుతాను. చెక్క పిడి ఉన్న మడత చాకు ఇది. బ్లేడు మూడంగుళాలు. కొన్నప్పుడు మూడు వందల ఇరవై రూపాయలు. పిడికి రెండు చోట్ల నెర్రెలు వచ్చాయి. మామిడి సొన, జీడిమామిడి పళ్ళ రసం తగిలి తగిలి బ్లేడంతా నల్లబడిపోయింది. అంచు మాత్రం చూడండి, ఈ కాగితం ఎలా తెగుతుందో. చప్పుడు కూడా లేదు.

నన్ను మాట్లాడమన్న విషయం చిన్నదే. రోజూ దగ్గర పెట్టుకునే చాకు ఖరీదైనది కొనుక్కోవాలా, చవకది చాలా? ఈ మధ్య కుర్రాళ్ళు ఫోన్లో ఇరవై వేలు, ముప్పై వేల చాకుల వీడియోలు చూసి, "సార్, ఇది కొంటే మొక్కలకి కట్టే అంట్లు బాగా పడతాయా?" అని అడుగుతున్నారు. వాళ్ళని నేను తక్కువ చేసి మాట్లాడను. పనిముట్టు మీద మనసు పడ్డ కుర్రాడికి పని మీద కూడా మనసు పడుతుంది. అందుకే ఈ ప్రశ్నకి జాగ్రత్తగా జవాబు చెప్పాలి. ఉద్యోగం చేసిన ముప్పై ఏళ్ళూ జీడితోటల్లో, మామిడితోటల్లో తిరిగాను. జేబులో చాకు లేని రోజు ఒకటీ గుర్తు లేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఇక్కడున్న ఉద్దానం వాళ్ళకి ఆ తేదీ నేను గుర్తు చెయ్యక్కర్లేదు. కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడిపోయి, జీడితోటలు నేలమట్టమై, కరెంటు లేదు, ఫోను లేదు. రోడ్డుకి అడ్డంగా పడ్డ మానులు దాటుకుంటూ మర్నాడు డ్యూటీ మీద ఒక ఊరు చేరాను. అప్పుడు నా జేబులో ఉన్నది కూడా ఇలాంటిదే, రెండు వందల యాభై రూపాయల చాకు. టార్పాలిన్లు కట్టడానికి నైలాన్ తాడు కోశాం. బియ్యం బస్తాల కుట్లు విప్పాం. జనరేటరుకి కలపాల్సిన వైరు తొక్క దాంతోనే తీశారు. ఒకావిడ పసిపిల్ల మందుసీసా సీలు తియ్యడానికి పట్టుకెళ్ళి, తుడిచి మరీ తెచ్చి ఇచ్చింది. రెండో రోజు సాయంత్రానికి ఆ చాకు నా దగ్గర లేదు. ఎవరో అడిగారు, ఇచ్చాను. ఆయన దగ్గర నుంచి ఇంకొకరు తీసుకున్నారు. ఆ నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా "నా చాకు ఏమైందో" అనుకోలేదు. అది తిరిగి రాలేదు. ఉద్దానంలో ఎవరింట్లోనో ఇప్పటికీ కూరగాయలు కోస్తూ ఉంటుంది.

ఈ సంగతి విని, అమెరికాలో ఉన్న మా మేనల్లుడు సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక చిన్న పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మామయ్యా, ఇది నీకు జీవితాంతం ఉంటుంది" అన్నాడు. సెబెంజా అనే చాకు. క్రిస్ రీవ్ అని దక్షిణాఫ్రికా నుంచి వెళ్ళి అమెరికాలో ఐడహో రాష్ట్రంలో కార్ఖానా పెట్టిన మనిషి తయారుచేసిన నమూనా. సెబెంజా అంటే జులూ భాషలో పని అని అర్థం. పేరు నాకు చాలా నచ్చింది. ధర నాలుగు వందల డాలర్ల పైమాటే.

దాని గొప్పతనం గొప్పతనమే, చెప్పాలి. టైటానియం పిడి. ఆ పిడిలోనే ఒక పట్టీ స్ప్రింగులా పక్కకి జరిగి బ్లేడు మడమ వెనక అడ్డం నిలబడుతుంది. తెరిచిన బ్లేడు మడతపడకుండా ఆపే లాకు అదే. తెరుస్తుంటే బ్లేడు నూనెలో జారినట్టు వస్తుంది, తెరిచాక వెంట్రుకవాసి కూడా ఊగదు. ఆ పనితనం చూసి చాలాసేపు అలా తెరుస్తూ మూస్తూ కూర్చున్నాను. మనిషి చెయ్యి అంత నిఖార్సుగా చెయ్యగలదా అనిపించింది.

రెండు నెలలు దాన్నే జేబులో పెట్టుకుని తిరిగాను. పలాస దగ్గర ఒక నర్సరీలో జీడిమామిడి అంట్లు కడుతున్నారు. అక్కడ పనిచేసే ఒకావిడ, నాకంటే రెండింతలు వేగంగా కడుతుంది, నా వైపు చెయ్యి చాపింది. "బాబూ, ఓపాలి ఆ కత్తియ్యండి, నాది మొండైపోనాది" అంది. నా చెయ్యి జేబు మీదకి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. కింద పడేస్తుందేమో, మొన రాయికి తగులుతుందేమో, ఎవరి చేతికో వెళ్ళిపోతుందేమో. "ఉండమ్మా, నేను కోసిస్తాను" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసింది. ఏమీ అనలేదు. పక్కనున్న అమ్మాయి దగ్గర గడ్డం గీసుకునే బ్లేడు ముక్క తీసుకుని పని మొదలుపెట్టింది.

నన్ను బాధపెట్టింది ఆ చూపే. ఎన్నో ఏళ్ళుగా నన్ను ఎరిగిన మనిషి ఆవిడ. నా చేతిలోని వస్తువు ఆవిడ కంటే నాకు ఎక్కువైపోయిన క్షణం అది.

మా అమ్మ కత్తిని ఎప్పుడూ చేతికి చేతికి ఇచ్చేది కాదు. కింద పెట్టేది, కావలసినవాళ్ళు తీసుకోవాలి. చేతికి ఇస్తే తగువులు వస్తాయని ఆవిడ నమ్మకం. మీలో చాలామంది ఇళ్ళల్లో కూడా ఇదే పద్ధతి ఉండి ఉంటుంది. ఎలా ఇవ్వాలో పద్ధతి పెట్టుకున్నాం గానీ, ఇవ్వకుండా ఉండడానికి మన ఇళ్ళల్లో ఏ పద్ధతీ లేదు. పక్కింటివాళ్ళు కత్తిపీట అడిగితే లేదన్న ఇల్లు మా వీధిలో నేను చూడలేదు.

అందుకే నా మాట ఇది. రోజూ జేబులో ఉండే చాకు ఎదుటి మనిషి అడిగిన వెంటనే గుండె దడ లేకుండా ఇవ్వగలిగేది అయి ఉండాలి. అది ఎవరికి ఎంత ధర దగ్గర ఆగుతుందో వాళ్ళే చూసుకోవాలి. నాకు ఐదు వందల దగ్గర ఆగింది. కొందరికి రెండు వేలు కావచ్చు, తప్పేం లేదు.

చవక అన్నాను కదా అని ఏదో ఒకటి కొనేసుకోకండి. ఈ చూపుడు వేలు చూడండి, రెండో కణుపు దగ్గర తెల్లటి గీత. చాలా ఏళ్ళ కిందట ఒక జాతరలో ఎనభై రూపాయలకి లాకు ఉన్న చాకు కొన్నాను. మెరుస్తూ, బరువుగా, చూడ్డానికి బాగుంది. ఒక ప్లాస్టిక్ డ్రమ్ముకి కన్నం పెట్టాలని మొన గుచ్చి నొక్కాను. లాకు జారింది, బ్లేడు మడతపడి వేలి మీదకి వచ్చింది. నాలుగు కుట్లు.

లాకు లేని చాకైతే ఆ పని నేను చేసేవాణ్ణే కాదు. అది మడతపడుతుందని చేతికి ముందే తెలుసు కాబట్టి, కోస్తామే తప్ప గుచ్చం. నాసిరకం లాకు మనకి లేనిపోని ధైర్యం ఇస్తుంది, ప్రమాదమంతా అక్కడే. కొనేముందు బ్లేడు పూర్తిగా తెరిచి, వేళ్ళు దాని దారిలో లేకుండా పట్టుకుని, పదును లేని వెనకవైపుని బల్ల అంచుకేసి మెల్లగా తట్టండి. లాకు జారితే అక్కడే వదిలేసి వచ్చెయ్యండి. పక్కకి ఊపి చూడండి, వదులుగా ఆడితే అది కూడా వద్దు.

ప్రపంచంలో బాగా పేరున్న జేబు చాకులు కొన్ని డబ్బున్నవాళ్ళ కోసం పుట్టలేదు. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ 1884లో కార్ఖానా పెట్టి, 1891లో తమ దేశ సైన్యానికి మొదటిసారి చాకులు ఇచ్చాడు. సిపాయి డబ్బా మూత తెరవాలి, తుపాకీ మరలు విప్పాలి, అంతే అవసరం. ఇవాళ విక్టోరినాక్స్ అంటున్నది ఆ కంపెనీనే. వాళ్ళ చిన్న చాకుల్లో చాలావాటికి ఇప్పటికీ లాకు ఉండదు. ఫ్రాన్సులో సావోయి కొండ ప్రాంతంలో గొడ్డళ్ళు, కొడవళ్ళు చేసే కుటుంబంలో పుట్టిన జోసెఫ్ ఓపినెల్ 1890లో చెక్క పిడితో ఒక మడత చాకు చేశాడు. రైతులు, పాలేర్లు కొనుక్కున్నారు. 1955లో దానికి ఒక ఇనప కంకణం తగిలించారు. కంకణం తిప్పితే బ్లేడు కదలదు. ఇంతకంటే తేలికైన లాకు నేను చూడలేదు.

ఇక ఉక్కు సంగతి. ఖరీదైన చాకుల్లో వెనేడియం అనే లోహం ఎక్కువ కలిపిన ఉక్కు వాడతారు. దాని పదును చాలాకాలం నిలుస్తుంది, ఇది నిజం. అయితే ఆ వెనేడియం కర్బనంతో కలిసి చాలా గట్టి రేణువులవుతుంది. మన బజారులో దొరికే మామూలు సానరాయి కంటే ఆ రేణువులే గట్టివి. అందుకే పదును పోయినప్పుడు మామూలు రాయి మీద ఎంత రుద్దినా విసుగే మిగులుతుంది, వజ్రపు పొడి అద్దిన పలక కావాలి. మామూలు కార్బన్ ఉక్కు త్వరగా మొండిబారుతుంది, కానీ ఐదు నిమిషాల్లో మళ్ళీ పదునెక్కుతుంది. తోటలో ఉన్నవాడికి ఆ ఐదు నిమిషాలు దొరుకుతాయి, వజ్రపు పలక దొరకదు.

కార్బన్ ఉక్కుకి తుప్పు భయం ఉంది. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలికి ఒక్క రాత్రిలో ఎర్రటి చుక్కలు వస్తాయి. పని అవగానే తుడిచి, ఒక బొట్టు కొబ్బరినూనె బ్లేడుకి రాయండి. కీలులో మాత్రం కొబ్బరినూనె పొయ్యకండి, కొన్నాళ్ళకి జిగటగా పట్టేస్తుంది. అక్కడికి కుట్టుమిషను నూనె చాలు. బ్లేడు నల్లబడితే కంగారుపడొద్దు. ఆ నలుపు తుప్పు కాదు, పైగా తుప్పుని కొంత ఆపుతుంది. జీడిపిక్క తొక్కు నూనె అంటితే మాత్రం వెంటనే తుడవాలి, అది చర్మాన్ని కాల్చేస్తుంది.

ఇప్పుడు అంటు సంగతి, నేను అసలు చెప్పాలనుకున్నది. రెండు నెలల జీడి మొక్క తల తీసేసి, కాండం మధ్యలో ఆరు సెంటీమీటర్ల లోతు చీలిక పెడతాం. ఎంచుకున్న చెట్టు నుంచి తెచ్చిన పుల్లని కింద V ఆకారంలో రెండువైపులా చెక్కుతాం. ఒక వైపు ఒక్క కోత, రెండో వైపు ఒక్క కోత. ఈ రెండు కోతల్లోనే అంతా ఉంది. బెరడు కింద పచ్చగా, తడిగా ఒక సన్నటి పొర ఉంటుంది. పుల్లలోని పొర, మొక్కలోని పొర ఒకదానికొకటి ఆనాలి. చాకు మొండిగా ఉంటే ఆ పొర తెగదు, నలుగుతుంది. మీరు రెండోసారి, మూడోసారి గీస్తారు. కోత గతుకులు గతుకులుగా వస్తుంది, మధ్యలో గాలి దూరుతుంది, ఆరిపోతుంది. పాలిథిన్ పట్టీ ఎంత బిగించి కట్టినా ఆ అంటు పడదు. చాకు ధర ఎంతో ఆ పుల్లకి తెలియదు, అంచు ఎలా ఉందో తెలుస్తుంది.

ఈ మాట అన్నప్పుడల్లా నాకు పొందూరు గుర్తొస్తుంది. అక్కడ ఖాదీకి పత్తిని శుభ్రం చెయ్యడానికి వాలుగ చేప దవడ వాడతారు. సన్నటి పళ్ళున్న ఆ ఎముకతో దూది పోగుల్ని దువ్వితే చెత్త పోయి పోగులు వరసకొస్తాయి. దేశమంతా పేరున్న ఆ సన్నని బట్టకి మొదటి పనిముట్టు ఒక చేప ఎముక. ఆ పళ్ళ సన్నదనం ఆ పనికి సరిగ్గా సరిపోయింది. అందుకే ఇన్నేళ్ళుగా అది అక్కడి ఆడవాళ్ళ చేతుల్లో ఉంది.

మిగిలినవి త్వరగా చెబుతాను. ఆయుధాల నిబంధనల ప్రకారం తొమ్మిది అంగుళాల కంటే పొడవు లేదా రెండు అంగుళాల కంటే వెడల్పు బ్లేడు ఉన్న కత్తుల మీద ఆంక్షలు ఉన్నాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. మన మూడంగుళాల చాకు ఆ లెక్కలోకి రాదు. అయినా కోర్టుకి, కలెక్టరాఫీసుకి, రాజకీయ సభలకి వెళ్ళేటప్పుడు ఇంట్లో పెట్టి వెళ్ళండి. విమానం ఎక్కేవాళ్ళు చేతిసంచిలో పెట్టకూడదు, చెక్-ఇన్ సామానులో వెయ్యాలి. మర్చిపోతే భద్రతా సిబ్బంది తీసేసుకుంటారు. అక్కడ నిలబడి వాదించకండి, వదిలేసి వెళ్ళండి.

ఖరీదైనది కొనే వాళ్ళని నేను తప్పు పట్టను. ఒంటరిగా పనిచేసుకునేవాళ్ళు, ఒకే కత్తి మీద బతికేవాళ్ళు మంచిది కొనుక్కుంటే వాళ్ళ డబ్బు వృథా కాదు. మా ఇంట్లో ఆ సెబెంజా ఉంది. వేసవి సాయంత్రాలు అరుగు మీద కూర్చుని మనవలకి మామిడిపండు దాంతోనే కోసి పెడతాను. నాకది ఇష్టమైన చాకే. దానికి దొరికిన చోటు అది.

డబ్బు ఖర్చు పెట్టాలని ఉన్న కుర్రాళ్ళు ఒక మంచి సానరాయి కొనుక్కోండి, ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు ఉన్నది. అది ఏళ్ళకేళ్ళు వస్తుంది.

నేను ఒకటి తెచ్చాను. అదిగో, ఆ పళ్ళెంలో నీళ్ళు కూడా ఉన్నాయి. మామూలు చాకైతే రాయికి ఇరవై డిగ్రీల వాలులో, రెండువైపులా సమానంగా లాగాలి. అంటు చాకుకి ఒక్కవైపే వాలు, రెండోవైపు రాయికి పూర్తిగా ఆనించాలి. అంచు మీద అడ్డంగా వేలిగోరు మెల్లగా లాగితే సన్నటి గరుకు తగులుతుంది. అది తగిలితే ఆ వైపు అయిపోయినట్టు, చాకు తిప్పండి. చివర్లో ఈ పాత తోలు బెల్టు మీద నాలుగుసార్లు వెనక్కి లాగితే ఆ గరుకు పోతుంది. చెబితే రాదు, చెయ్యాలి. చాకులు తెచ్చినవాళ్ళు ముందుకి రండి. తేనివాళ్ళు నాది తీసుకోండి, బల్ల మీదే ఉంది.