మగవారి ముఖానికి ఒక క్రీము

శ్రోతలకు నమస్కారం.

నా చిన్నతనంలో మా ఇంట్లో మగవారి ముఖానికి కావలసిన సరంజామా అంతా ఒక పాత బిస్కెట్ల డబ్బాలో ఉండేది. రేజరు, బ్లేళ్ల పొట్లం, కుచ్చు సగం ఊడిపోయిన బ్రష్షు, నిమ్మకాయంత పటిక ముక్క. ఆదివారం పొద్దున నాన్న నూతి దగ్గర పీట వేసుకుని, గ్లాసులో నీళ్లు పక్కన పెట్టుకుని, కిటికీ ఊచకు తగిలించిన అద్దంలోకి చూస్తూ గడ్డం గీసుకునేవారు. తడిపిన పటికను చెంపల మీద రుద్దుకుని, ఆ మంటకు ఒక్క క్షణం కళ్లు మూసుకుని, ఆరిన తరువాత కాస్త పౌడరు అద్దుకునేవారు. ఇదంతా చర్మసంరక్షణ కిందికి వస్తుందని ఎవరైనా అంటే ఆయన నవ్వి ఊరుకునేవారు. హైదరాబాదు శివార్లలోని ఒక సౌందర్య సాధనాల కర్మాగారంలో, క్రీములు రూపొందించే ప్రయోగశాలలో చాలా ఏళ్లు పనిచేసిన తరువాత, ఆ డబ్బాను గురించి నేను ఎన్నోసార్లు తలచుకున్నాను. ఎందుకంటే మగవారి కోసం ఒక వస్తువును తయారుచేసి అమ్మాలనుకునేవారు ముందుగా చూడవలసినది ఆ డబ్బాలోకే.

ఒంటిని పట్టించుకోవడం మన మగవారికి కొత్త సంగతి కాదు. పెళ్లికొడుకును చేసేటప్పుడు నలుగు పెడతారు. పండుగ పూట తలంటు పోసుకుని సున్నిపిండితో ఒళ్లు రుద్దుకుంటారు. అయితే ఇవన్నీ ఎవరో పెద్దవారు కూర్చోబెట్టి చేసేవి. మగవాడు తనంతట తాను దుకాణానికి వెళ్లి, డబ్బు పెట్టి, తన ముఖానికని ఒక సీసా కొనుక్కోవడం మాత్రం వేరే సంగతి. అక్కడ అతనికి సిగ్గు అడ్డం వస్తుంది. ఈ వ్యాపారంలో సగం కథ ఆ సిగ్గుదే.

మగవారి చర్మానికి నిజంగా వేరే క్రీము కావాలా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. తేడాలు కొన్ని ఉన్న మాట నిజమే. పురుషుల చర్మం స్త్రీల చర్మం కంటే సుమారు 20 శాతం మందంగా ఉంటుంది. పురుష హార్మోన్ల ప్రభావం వల్ల నూనె గ్రంథులు ఎక్కువగా పనిచేస్తాయి కనుక ముఖం త్వరగా జిడ్డు దేరుతుంది. అన్నిటికంటే పెద్ద తేడా బ్లేడు. గడ్డం గీసుకున్న ప్రతిసారీ వెంట్రుకలతో పాటు చర్మం పైపొరలో కొంత కూడా లేచిపోతుంది. కంటికి కనిపించని గీతలు పడతాయి. ఉంగరాలు తిరిగిన వెంట్రుకలున్నవారికి కొన్ని వెంట్రుకలు మళ్లీ చర్మంలోకే గుచ్చుకుని మెడ మీద ఎర్రని పొక్కులు లేస్తాయి. ఆ ముఖం మీదనే మనవారు ఒంటికి రుద్దుకునే సబ్బును రుద్దుతారు. ఆరోగ్యంగా ఉన్న చర్మం కొద్దిగా ఆమ్ల స్వభావంతో, ఆమ్ల క్షారాలను కొలిచే పీహెచ్ లెక్కలో 5 ప్రాంతంలో ఉంటుంది. మామూలు సబ్బు నురుగు 9 నుంచి 10 వరకు, అంటే క్షారం వైపు ఉంటుంది. ఈ సంగతులను లెక్కలోకి తీసుకుని చేసిన వస్తువు అయితే అది మగవారి కోసం చేసినదే. అలా కాక, పాత క్రీమునే నల్ల ట్యూబులో నింపి, గంధపు వాసనకు బదులు పొగాకు వాసన వేసి, పది రూపాయలు ఎక్కువ పెట్టినదైతే, దానిని ఏమనాలో మీరే చెప్పాలి. మా రంగంలో రెండూ జరుగుతాయి. రెండవదే ఎక్కువ జరుగుతుందని నా అభిప్రాయం.

ఒక వస్తువును తయారుచేయడానికి ముందు మనుషులను ఎలా చూడాలో చెప్పడానికి మా రంగంలో అందరూ జిలెట్ కథనే చెబుతారు. ఆ కంపెనీ 2002 ప్రాంతంలో భారతదేశం కోసమని ఒక రేజరు తయారుచేసింది. అమ్మకానికి పెట్టే ముందు దానిని అమెరికాలో ఎంఐటీ అనే విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న భారతీయ విద్యార్థుల చేత పరీక్ష చేయించింది. వారికి అది బాగా నచ్చింది. తీరా ఇక్కడికి తెచ్చిన తరువాత అది ఆడలేదు. కారణం కొళాయి. ఆ విద్యార్థులు ధారగా పడే నీటి కింద రేజరును కడుక్కున్నారు. ఇక్కడ కోట్లమంది మా నాన్నలాగానే నేల మీద కూర్చుని, ఒక గ్లాసు నీటిలో ముంచి ఆడించుకున్నారు. గీసిన వెంట్రుకలు నిలవ నీటిలో వదలక బ్లేడు మూసుకుపోయింది. తరువాత కంపెనీవారు ఇక్కడికి వచ్చి, ఇళ్లలో కూర్చుని, మగవారు తెల్లవారుజామున మసక వెలుతురులో చిన్న అద్దం పట్టుకుని ఎలా గీసుకుంటారో రోజుల తరబడి చూశారు. ఆ చూపులోంచి 2010లో జిలెట్ గార్డ్ పుట్టింది. రెండు మూడు బ్లేళ్లకు బదులు ఒక్కటే బ్లేడు, గ్లాసు నీటిలో ముంచినా సులువుగా శుభ్రపడే నిర్మాణం, మునుపటి రేజర్లతో పోలిస్తే దాదాపు 80 శాతం తక్కువ విడిభాగాలు. అప్పట్లో రేజరు ధర 15 రూపాయలు, మార్చుకునే బ్లేడు 5 రూపాయలు. ఒక గ్లాసు నీళ్లు ఎంత పెద్ద సంస్థకైనా పాఠం చెప్పగలవని నేను కొత్తగా చేరిన పిల్లలకు చెప్పేవాడిని.

మా ప్రయోగశాలకు కూడా అలాంటి పాఠాలు దక్కాయి. ఎండ నుంచి కాపాడే గుణం ఉన్న ఒక క్రీమును మేము మగవారి కోసం తయారుచేశాము. ప్రయోగశాలలో చేతి మీద రాసి చూస్తే వెన్నలా కలిసిపోయింది. పరీక్ష కోసం పాతికమందికి ఇచ్చి, మా ఎదుటనే రాసుకోమన్నాము. ఆడవారు క్రీమును చుక్కలు చుక్కలుగా పెట్టుకుని వేలి కొసలతో మెల్లగా అద్దుతారు. వీరు అరచేతిలో వేసుకుని, రెండు చేతులూ కలిపి నలిపి, తలకు నూనె పట్టించినట్టు ముఖమంతా గట్టిగా రుద్దేశారు. అదీ ముఖం మీది తడి ఆరకముందే. రెండు రోజుల గడ్డం ఉన్నవారి చెంపల మీద క్రీము చిన్న చిన్న నలకలుగా ఉండకట్టి రాలింది. పైగా ఎండను ఆపడానికి మేము వాడిన జింక్ ఆక్సైడు, టైటానియం డయాక్సైడు స్వతహాగా తెల్లని పొడులు. చామనఛాయ ముఖాల మీద అవి బూడిద రంగులో తేలాయి. ఒక పెద్దాయన అద్దంలో చూసుకుని, "బాబూ, ఇది క్రీమా, విభూతా?" అన్నారు. ఆ మాటకు గదిలో అందరూ నవ్వారు కానీ, మాకు ఏడు నెలల పని మళ్లీ మొదటికి వచ్చింది.

కొత్త తయారీ సూత్రంలో పొడులను తగ్గించి, వాటి స్థానంలో ఎండను ఆపుతూనే చర్మంపై రంగు తేలని వేరే పదార్థాలను తీసుకున్నాము. చిక్కదనం కోసం వాడిన జిగురు పదార్థాన్ని మార్చి, జిడ్డు తగ్గించడానికి సిలికా కలిపాము. తరువాత వేడి పరీక్ష. సాధారణంగా నమూనాలను 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో నెలల తరబడి ఉంచి, నూనె, నీరు విడిపోతున్నాయేమో చూస్తారు. ఇది పుస్తకంలో ఉన్న పద్ధతి. మే నెలలో విజయవాడలో ఎండలో నిలిపిన ఆటో ముందు అరలో ట్యూబు పెడితే దాని గతి ఏమవుతుందో పుస్తకంలో లేదు. మేము నిజంగానే పెట్టి చూశాము. మొదటిసారి మూత తీయగానే పలచని నూనె ముందు కారింది, వెనుక పెరుగు విరిగినట్టు ముద్ద వచ్చింది.

ఎండ క్రీము విషయంలో ఇంకొక చిక్కు ఉంది. ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పడానికి డబ్బా మీద రాసిన ఎస్‌పీఎఫ్ సంఖ్యను ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల క్రీము రాసి లెక్కగడతారు. మన మనిషి అందులో సగం కూడా రాసుకోడు. కనుక రెండు వేళ్ల పొడవునా తీసి రాసుకోమని చెప్పాలి; అలా రాసుకుంటే ట్యూబు మూడు వారాలకే అయిపోతుంది; అప్పుడు దీనికి ఇంత ఖర్చా అని మానేస్తాడు. ఈ ముడిని పూర్తిగా విప్పిన కంపెనీని నేను ఇంతవరకు చూడలేదు.

ఇక అమ్మకం సంగతి. మన దేశంలో మగవారి ముఖపు క్రీముల వ్యాపారం పెద్ద ఎత్తున మొదలైనది ఒక రహస్యం బయటపడడంతో. 1975 నుంచి ఆడవారి కోసం అమ్ముతున్న ఫెయిర్ అండ్ లవ్లీని మగవారు కూడా చాటుగా వాడుతున్నారని కంపెనీలకు తెలుసు. చెల్లెలి ట్యూబులోంచి, భార్య ట్యూబులోంచి కాస్త తీసి రాసుకుని, మూత ఎప్పటిలాగానే బిగించి పెట్టేవారు. కోల్‌కతాకు చెందిన ఇమామీ కంపెనీ 2005లో ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్‌ను తెచ్చినప్పుడు ఆ చాటుతనం మీదనే ప్రకటనలు కట్టింది. ఆడవారి క్రీము ఎందుకు దాచుకుని వాడతావు, నీకంటూ ఒకటి ఉండగా అన్నది దాని సారాంశం. షారుఖ్ ఖాన్ నోట ఆ మాట వినిపించిన తరువాత అది ఊరూరా పాకింది. ఫెయిర్ అండ్ లవ్లీ తయారుచేసే హిందుస్తాన్ లీవర్ కూడా మగవారి రకాన్ని బజారులోకి దింపింది. పల్లె కిరాణా కొట్టు ముందు వేలాడే షాంపూ ప్యాకెట్ల దండల పక్కన ఈ ప్యాకెట్లూ చేరాయి. చేతిలో చిల్లర ఉన్న కుర్రవాడు ఎవరి కంటా పడకుండా ఒక ప్యాకెట్టు చింపుకుని జేబులో వేసుకోవచ్చు. సీసా కొనడానికి సిగ్గుపడే మనిషికి ప్యాకెట్టు ఎంత వెసులుబాటో అమ్మేవారికి బాగా తెలుసు.

వ్యాపారపు తెలివిగా దానిని మెచ్చుకోక తప్పదు. కానీ ఆ తెలివి ఒక పుండు మీద చేసిన వ్యాపారం. నలుపు రంగు వల్ల ఉద్యోగం రాదు, పిల్లనివ్వరు అని ముందు మనిషిని భయపెట్టి, ఆ తరువాత ట్యూబు చేతిలో పెట్టడం. చర్మం రంగును నిర్ణయించే మెలనిన్ మనకు తాతముత్తాతల నుంచి వచ్చినది. పైపూత క్రీము ఎండకు కమిలిన నలుపును కొంత తగ్గించగలదు, పుట్టు రంగును మార్చలేదు. ఈ మాట ప్రతి ప్రయోగశాలలోనూ అందరికీ తెలుసు. నలుపు రంగువారిని తక్కువగా, దిగులుగా, ఓడిపోయినవారిగా చూపరాదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2020లో హిందుస్తాన్ యూనిలీవర్, అంటే పేరు మారిన ఆ హిందుస్తాన్ లీవరే, తన క్రీముల పేర్లలోంచి ఫెయిర్ అన్న మాటను తీసేసి గ్లో అని పెట్టింది. మగవారి రకానికి గ్లో అండ్ హ్యాండ్‌సమ్ అని పేరు పెట్టగానే ఇమామీ కోర్టుకెక్కింది. తెల్లదనం మీద పేటెంటు ఎవరికీ లేదు కానీ, అందగాడు అన్న మాట మీద ఇద్దరికీ పట్టుదల ఉందన్నమాట. 2025లో ఇమామీ కూడా తన క్రీము పేరును స్మార్ట్ అండ్ హ్యాండ్‌సమ్‌గా మార్చుకుంది. పేర్లు మారాయి. పెళ్లి సంబంధాల ప్రకటనలలో రంగు ప్రస్తావన మాత్రం ఇంకా ఉంది.

ఇక్కడ శ్రోతలకు ఒక హెచ్చరిక చేయాలి. త్వరగా తెల్లబడాలన్న ఆరాటంతో కొందరు యువకులు స్టెరాయిడ్ కలిసిన క్రీములను చర్మవ్యాధుల మందులని తెలియకుండానే ముఖానికి నెలల తరబడి రాసుకుంటారు. మొదటి వారం ముఖం మెరుస్తుంది. తరువాత చర్మం పలచబడి, సన్నని రక్తనాళాలు పైకి తేలి, మొటిమలు ముసురుకుని, మానేద్దామంటే ముఖం భగ్గుమంటుంది. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇటువంటి పూతమందులను వైద్యుడి చీటీ మీదనే అమ్మవలసిన జాబితాలో చేర్చింది. ఊరూ పేరూ లేని కొన్ని తెల్లబరిచే క్రీములలో పాదరసం ఉంటుంది. 2023లో కేరళలోని మలప్పురం ప్రాంతంలో అటువంటి క్రీములు వాడినవారికి మూత్రపిండాలు దెబ్బతిన్నట్టు వైద్యులు గుర్తించారు. కాబట్టి కొనే ముందు డబ్బాను తిప్పి చూడండి. తయారీదారు చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, ఎప్పటిలోగా వాడాలన్న తేదీ, కలిపిన పదార్థాల జాబితా ఉండాలి. మొటిమల జబ్బును నయం చేస్తుందని రాసి ఉంటే అది చట్టం దృష్టిలో సౌందర్య సాధనం కాదు, మందు. దాని అనుమతులు వేరు.

గత పదేళ్లలో గడ్డం పెంచుకునే అలవాటు పెరిగి, గడ్డం నూనెలు, గడ్డానికి రాసుకునే మైనాలు ఆన్‌లైన్ దుకాణాల ద్వారా వచ్చాయి. ఆన్‌లైన్ అమ్మకం సిగ్గుకు మంచి విరుగుడు. అట్టపెట్టెలో ఏముందో పక్కింటివారికి తెలియదు. అయినా నా మటుకు నాకు, ఈ వస్తువులకు సెలూన్‌ను మించిన అంగడి లేదు. అద్దం ముందు మెడకు గుడ్డ కట్టుకుని కూర్చున్న మనిషి తన ముఖాన్ని అంత సేపు ఇంకెక్కడా చూసుకోడు. మెడ మీది పొక్కుల గురించి సెలూనాయన చెప్పే మాటను ఏ సినిమా నటుడు చెప్పిన మాట కంటే ఎక్కువగా నమ్ముతాడు.

మా ఎండ క్రీము రెండవ సూత్రం కుదిరిన తరువాత, ఆరు వారాల పాటు ఇళ్లలో వాడి చూడమని విజయవాడలో కొంతమందికి ట్యూబులు ఇచ్చాము. ఇచ్చేటప్పుడు ప్రతి ట్యూబునూ తూచి, తిరిగి తీసుకున్నప్పుడు మళ్లీ తూస్తాము. వాడాను అని మనిషి అన్నా, ఎంత వాడాడో తక్కెడ చెబుతుంది. చాలా ట్యూబులు సగం బరువుతోనే తిరిగి వచ్చాయి. ఒక ఆటో డ్రైవరుగారి ట్యూబు మాత్రం చివరిదాకా చుట్టి, పిండి, కొసన కత్తెరతో కోసి మరీ ఖాళీ చేసి ఉంది. మాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఇంత శ్రద్ధగా వాడిన మీ అభిప్రాయం వివరంగా చెప్పండి అని ఆయనను కూర్చోబెట్టి అడిగాము. ఆయన తల గోక్కుని, "నేను నాలుగైదు రోజులు రాసుకున్నానండీ. తరవాత అది మా అమ్మాయి కాలేజీ సంచిలోకి పోయింది" అన్నారు.

నమస్కారం.