విడాకుల ఒప్పందంలో సంక్రాంతి సెలవుల సంగతి రాసుకున్నారా?

(తెరపై: సర్దిపెట్టిన చిన్న బ్యాగు, గోడ మీద క్యాలెండర్)

సంక్రాంతి సెలవులు ఇచ్చారు. ఎనిమిదేళ్ల పాప తన బ్యాగు తనే సర్దుకుంది. కానీ ఏ ఊరు వెళ్లాలో పాపకు తెలియదు. తెనాలిలో అమ్మమ్మ, కరీంనగర్‌లో నాయనమ్మ ఎదురుచూస్తున్నారు. అమ్మానాన్నలు విడాకులు తీసుకుని ఏడాదైంది. కోర్టుకిచ్చిన ఒప్పంద పత్రంలో పాప గురించి ఉన్నది ఒకే వాక్యం: ‘నెలలో రెండవ, నాలుగవ ఆదివారాల్లో తండ్రి బిడ్డను చూడవచ్చు.’ భోగి బుధవారం వచ్చింది.

ఈ కుటుంబం నేను ఉదాహరణకు అనుకున్నది. అలాంటి వాక్యంతో సరిపెట్టుకునే తల్లిదండ్రులు మాత్రం నిజంగానే ఉన్నారు. ఈ వీడియో వాళ్ల కోసం.

(తెరపై: చట్టం పేరు, సంవత్సరం)

ముందు ఒక అపోహ తీసేద్దాం. ‘ఐదేళ్ల వరకు బిడ్డ తల్లికి, ఆ తర్వాత తండ్రికి’ అని చాలామంది నమ్ముతారు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలోని 6వ సెక్షన్ ఐదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గర ఉండాలంటుంది. అది నిజం. ఐదేళ్లు నిండగానే తండ్రికి అప్పగించాలని మాత్రం ఎక్కడా లేదు. అదే సెక్షన్ సహజ సంరక్షకుడు (అంటే బిడ్డ తరఫున నిర్ణయాలు తీసుకునే వ్యక్తి) తండ్రి, ‘అతని తర్వాత’ తల్లి అంటుంది. రచయిత్రి గీతా హరిహరన్ కేసులో 1999లో సుప్రీంకోర్టు ఆ మాటకు కొత్త అర్థం చెప్పింది. తండ్రి మరణించాకే కాదు, ఆయన అందుబాటులో లేనప్పుడు, బిడ్డను పట్టించుకోనప్పుడు కూడా తల్లి సహజ సంరక్షకురాలు అవుతుందని తేల్చింది. వీటన్నిటికీ పైన అదే చట్టంలోని 13వ సెక్షన్ ఉంది: బిడ్డ సంక్షేమమే ప్రధానం. ఏ మతం వారైనా ఆశ్రయించగల 1890 నాటి సంరక్షకులు, మైనర్ల చట్టం కింద కూడా కోర్టు చూసేది బిడ్డ మేలునే. బిడ్డ తన ఇష్టం వివేకంతో చెప్పగల వయసులో ఉంటే ఆ మాటనూ జడ్జి పరిగణనలోకి తీసుకోవచ్చు.

ఇంకొక్క సంగతి. ఈ 1890 నాటి చట్టం కింద బిడ్డ కస్టడీ కోసం పిటిషన్ వేయాల్సింది బిడ్డ మామూలుగా నివసించే చోటి కోర్టులో. మీరుండే ఊరు ఏదన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

(తెరపై: ఖాళీ కాగితం, పెన్ను)

ఇప్పుడు ఒప్పంద పత్రానికి వద్దాం. పరస్పర అంగీకారంతో విడాకులు కోరేవారికి త్వరగా బయటపడాలనే ఆరాటం ఉంటుంది. పిటిషన్ వేశాక ఆగాల్సిన ఆరు నెలల గడువును తగిన కేసుల్లో మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకు భరణం, బిడ్డ కస్టడీ వంటివి ముందే తేల్చుకుని ఉండాలి. ఆ తొందరలో నగల లెక్కకు రెండు పేజీలు, బిడ్డకు ఒక్క వాక్యం దక్కితే నాకు చాలా బాధగా ఉంటుంది.

సెలవుల సంగతి తేదీలతో సహా రాయండి. ఈ ఏడు సంక్రాంతి అమ్మమ్మ ఊళ్లో అయితే దసరా నాయనమ్మ ఊళ్లో, వచ్చే ఏడు అటుది ఇటు. వేసవి సెలవుల్లో ఏ సగం ఎవరి దగ్గర, రైలెక్కించేది ఎవరు, దించుకునేది ఎవరు, టికెట్టు డబ్బు ఎవరిది? ఈ ప్రశ్నలు అల్పంగా కనిపిస్తాయి. గొడవలు మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

వేడుకల గురించి కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. నాలుగేళ్ల తర్వాత పాపకు ఓణీల వేడుక చేస్తారు. పీటల పక్కన ఎవరు నిలబడతారు? నాన్న తరఫు మేనత్తను పిలుస్తారా? విడిపోయింది భార్యాభర్తలు, పాపకు మేనత్త మేనత్తే, మేనమామ మేనమామే. ఇద్దరి తరఫు వాళ్లూ వచ్చి అక్షింతలు వేయాలని పత్రంలో రాసుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

ఫోను సంగతి. బిడ్డ దగ్గర లేని తల్లికి గానీ తండ్రికి గానీ రోజూ ఐదు పది నిమిషాలు మాట్లాడే వీలుండాలని 2020లో ఒక తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. వీడియో కాల్ గురించీ ప్రస్తావించింది. రాత్రి ఏడున్నరకని సమయం రాసుకోండి. ఆ పది నిమిషాలు గదిలోంచి బయటకు వెళ్లండి. పక్కనే కూర్చుని వింటుంటే బిడ్డ ‘ఊఁ, ఆఁ’ తప్ప ఏమీ మాట్లాడదు.

స్కూలు ఫీజు, వైద్యం ఖర్చు, ప్రోగ్రెస్ కార్డు ఇద్దరికీ అందడం, పాస్‌పోర్టుకు ఇద్దరి సంతకాలు: తలా ఒక వాక్యం చాలు.

(తెరపై: గుమ్మం ముందు జత చెప్పులు)

కాగితం ఎంత బాగా రాసినా బిడ్డను అప్పగించే ఆ రెండు నిమిషాలు మీ చేతుల్లోనే ఉంటాయి. ఆదివారం సాయంత్రం నాన్న పాపను గుమ్మం దాకా తెస్తాడు. ‘ఫీజు కట్టమని మీ నాన్నకు చెప్పు’ అని పాప చేత కబురు పంపకండి. ‘అక్కడ ఎవరెవరు ఉన్నారు, ఏం వండారు’ అని ఆరా తీయకండి. బిడ్డ రెండు ఇళ్లలోనూ సాక్షి అయిపోతుంది. డబ్బు సంగతి మీరే మెసేజ్ పెట్టండి.

‘భరణం ఇవ్వలేదు కాబట్టి బిడ్డను చూపించను’, ‘చూపించలేదు కాబట్టి భరణం ఇవ్వను’ అనే మాటలు తరచూ వినబడతాయి. రెండూ తప్పే. బిడ్డ పోషణకిచ్చే భరణం బిడ్డకు చెందింది, అమ్మానాన్నలిద్దరినీ కలుసుకోవడమూ బిడ్డకు చెందిందే. ఒకటి ఆగిందని రెండోదాన్ని ఆపితే రెండు దెబ్బలూ బిడ్డకే తగులుతాయి. ఉత్తర్వు అమలు కాకపోతే కోర్టుకే వెళ్లి చెప్పండి.

చట్టాల్లో మార్పులు సూచించే భారత లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో, బిడ్డ బాధ్యతను ఇద్దరూ పంచుకునే ఉమ్మడి కస్టడీకి వీలు కల్పించాలని సిఫారసు చేసింది. అది ఇంకా చట్టం కాలేదు. అయినా తల్లిదండ్రులు ఇద్దరూ ఒప్పుకుని అలా రాసుకుంటే, బిడ్డకు మేలని తోస్తే కోర్టు ఆమోదించవచ్చు.

అమెరికా, బ్రిటన్ వంటి దేశాల్లో స్థిరపడిన తెలుగువారికి ఒక హెచ్చరిక: పిల్లల అపహరణపై, దేశం దాటించిన బిడ్డను తిరిగి పంపేందుకు కుదిరిన 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. అక్కడి కోర్టు ఉత్తర్వు ఉండగా చెప్పకుండా బిడ్డను ఇక్కడికి తెస్తే ఏళ్ల తరబడి రెండు దేశాల కోర్టుల చుట్టూ తిరగాల్సి రావచ్చు.

ఇప్పటికే విడాకులు అయిపోయి, మీ పత్రంలో ఆ ఒక్క వాక్యమే ఉందా? కస్టడీ ఉత్తర్వు శాశ్వతం కాదు. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద దాన్ని మార్చమని అడగవచ్చు. లాయరు దగ్గరకు వెళ్లే ముందు స్కూలు క్యాలెండర్ తీసుకుని ఇద్దరూ ఫోన్‌లోనైనా ఒక అరగంట మాట్లాడుకోండి. మొదట జనవరి పేజీ తీయండి.