ఒప్పందం గడువు తీరాక వైద్య బీమా ఉన్నట్టా, పోయినట్టా?

యాంకర్: నమస్కారం. యూనియన్, కంపెనీ కలిసి మూడేళ్లకు ఒప్పందం రాసుకున్నాయి. రిటైరైనవాళ్లకు వైద్య బీమా ఇస్తామని అందులో ఉంది. మూడేళ్లూ అయిపోయాయి. ఆ తర్వాత బీమా సంగతేంటి? అమెరికా కోర్టుల్లో దశాబ్దాలుగా నలుగుతున్న తగువు ఇది. లాయర్ గారూ, అక్కడి చట్టం ఏమంటుంది?

లాయర్: తిరకాసు చట్టంలోనే ఉందండీ. 1974లో వచ్చిన ఎరిసా అనే ఉద్యోగుల ప్రయోజనాల చట్టం పెన్షన్‌కి రక్షణ ఇచ్చింది. నిర్ణీత కాలం పనిచేస్తే అది మీ హక్కు. వైద్య బీమాకి ఆ రక్షణ లేదు. ఒప్పందంలో ఏం రాసుకున్నారో అదే దిక్కు. చాలా ఒప్పందాల్లో బీమా ఎప్పటిదాకా అన్నది రాయలేదు.

యాంకర్: అంత ముఖ్యమైన మాట ఎలా వదిలేశారు?

యూనియన్ నాయకుడు: మరిచిపోయి వదిలేసి ఉండరండీ. 'జీవితాంతం' అంటే కంపెనీ సంతకం పెట్టదు. 'మూడేళ్లే' అంటే కార్మికులు ఒప్పుకోరు. ఇద్దరూ నోరు మెదపకపోతేనే బేరం కుదురుతుంది.

లాయర్: ఆ మౌనం ఎవరి పక్షం అన్నదే కేసంతా. 1983లో యార్డ్-మ్యాన్ కేసు వచ్చింది. మిషిగన్‌లోని జాక్సన్‌లో మూతపడిన ఫ్యాక్టరీది. రిటైరైన హోదాకి ముడిపడిన ప్రయోజనం ఆ హోదా ఉన్నంతకాలం ఉంటుందని అనుకోవచ్చంది ఆరో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, అంటే సుప్రీంకోర్టు కింద ఉండే ప్రాంతీయ కోర్టుల్లో ఒకటి. ముప్పై ఏళ్లకు పైగా రిటైరైనవాళ్లు ఆ తీర్పునే పట్టుకుని వచ్చారు.

మేనేజ్‌మెంట్ సలహాదారు: కంపెనీ నెత్తిన ఆ భారం పెట్టింది కూడా ఆ తీర్పే! రాయని మాటను కోర్టు రాసిపెట్టింది. 2015లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఏకగ్రీవంగా కాదన్నారు కదా.

లాయర్: అవును, ఎం అండ్ జీ పాలిమర్స్ కేసు. వెస్ట్ వర్జీనియా యాపిల్ గ్రోవ్‌లోని పాయింట్ ప్లెజెంట్ పాలిస్టర్ ఫ్యాక్టరీది. వయసు, సర్వీసు కలిపి 95 పాయింట్లు, లేదా అంతకన్నా ఎక్కువ అయితే బీమా ఖర్చంతా కంపెనీదేనని ఒప్పందం. 2006 చివర్లో, ఇక మీరూ కొంత కట్టాలన్నారు. రిటైరైనవాళ్లు కోర్టుకెక్కారు. మామూలు ఒప్పందాన్ని ఎలా చదువుతారో దీన్నీ అలాగే చదవాలని జస్టిస్ థామస్ రాశారు. గడువు తీరితే బాధ్యతలూ సాధారణంగా తీరతాయి.

యూనియన్ నాయకుడు: జస్టిస్ గిన్స్‌బర్గ్ రాసింది కూడా చెప్పండి సార్!

లాయర్: చెప్తానండీ. తీర్పుతో ఏకీభవిస్తూనే ఆమె విడిగా రాశారు. 'జీవితాంతం' అని తేటతెల్లంగా రాసి ఉండాల్సిన పని లేదు, ఒప్పందంలోని మాటల నుంచి కూడా ఆ ఉద్దేశం తేలొచ్చు. అస్పష్టత ఉంటే అప్పటి చర్చల రికార్డులు చూడొచ్చు. ఆరో సర్క్యూట్ కోర్టు ఈ సందునే పట్టుకుంది. కానీ 2018లో సీఎన్‌హెచ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ మందలించింది. అది 1998 నాటి ఒప్పందం, 2004లో గడువు తీరింది. పాత యార్డ్-మ్యాన్ ఊహనే వాడుకుని అస్పష్టత పుట్టించకూడదని తేల్చేసింది.

మేనేజ్‌మెంట్ సలహాదారు: అందులో తప్పేముంది? వైద్యం ఖర్చు ఎంత పెరుగుతుందో సంతకం పెట్టేనాడు ఎవరికి తెలుసు?

యూనియన్ నాయకుడు: కంపెనీకే తెలియనిది అరవై ఏళ్ల మనిషికి తెలుస్తుందా? మామూలుగా 65 నిండితేగానీ మెడికేర్, అంటే ప్రభుత్వ వైద్య బీమా, రాదు. పైగా 1971లో పిట్స్‌బర్గ్ ప్లేట్ గ్లాస్ కేసులో అదే సుప్రీంకోర్టు, రిటైరైనవాళ్లు 'ఉద్యోగులు' కారంది. వాళ్ల ప్రయోజనాల మీద బేరానికి కూర్చోవాలని కంపెనీని బలవంతపెట్టలేం. బేరానికి వాళ్లు పనికిరారు, కోత పెట్టడానికి మాత్రం పనికొస్తారు.

యాంకర్: ఇక్కడ మన దగ్గర ఇంత గొడవ ఉండదంటారు, నిజమేనా?

లాయర్: రిటైరైనవాళ్ల బీమా దాకా అలా అనలేను. కానీ 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 19వ సెక్షన్‌లో ఒక తేడా ఉండేది. సెటిల్‌మెంట్, అంటే యాజమాన్యం, కార్మికుల మధ్య ఒప్పందం, గడువు దాటినా, రద్దు చేస్తామని నోటీసిచ్చి రెండు నెలలు గడిచేదాకా కట్టుబడే ఉండాల్సి వచ్చేది. 1980లో ఎల్‌ఐసీ బోనస్ కేసులో మన సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లి, కొత్తది వచ్చేదాకా పాతదే నడుస్తుందంది.

యాంకర్: మరి అమెరికాలో ఇప్పుడు సంతకం పెట్టబోయేవాళ్లు ఏం చేయాలి?

లాయర్: గడువు క్లాజు పక్కనే, 'ఈ గడువు రిటైరైనవారి బీమాకు వర్తించదు' అని ఒక్క వాక్యం రాయించుకోవాలి.

యూనియన్ నాయకుడు: రాస్తారా?

మేనేజ్‌మెంట్ సలహాదారు: ఊరికే రాయరు. జీతంలో ఎంత వదులుకుంటారో చెప్పండి, అప్పుడు మాట్లాడదాం.