రైడ్ మూడు నిమిషాలు, లైను గంటన్నర

పెద్దలకి నమస్కారం. వెనక నిలబడ్డ కాలేజీ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండి, ఇవాళ మాట్లాడేది మీ గొడవ గురించే.

పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి కదా, ఏ పంపుసెట్ల గురించో చెబుతానని లైబ్రరీ వాళ్ళు అనుకున్నారు. థీమ్ పార్కుల గురించి అనేసరికి ఫోన్లో అవతల కాసేపు చప్పుడు లేదు. "అంటే, రంగులరాట్నాలా మాస్టారూ?" అని అడిగారు. అవేనండి.

కోనసీమ నుంచి కాలేజీ టూరు హైదరాబాద్ వెళ్ళిందంటే తిరుగు బస్సులో రెండు పార్టీలు తయారవుతాయి. వండర్‌లా గొప్పదా, రామోజీ ఫిల్మ్ సిటీ గొప్పదా? వండర్‌లా పార్టీది సూటి ప్రశ్న: రికాయిల్ ఎక్కావా లేదా? వెనక్కి లాక్కెళ్ళి వదిలేస్తుంది, తలకిందులు చేస్తుంది, పట్టాలు అయిపోయాయి కదా అని ఊపిరి పీల్చుకునే లోపు అదే దారిలో వెనక్కి తెస్తుంది. అది ఎక్కినవాడికి ఇంకేదీ ఆనదు. రామోజీ పార్టీ ఊరుకుంటుందా? "నీ రైడ్ చుట్టూ ఏముందిరా, ఇనుప స్తంభాలు తప్ప? మా దగ్గర వీధికి వీధే లేచి నిలబడింది" అంటుంది. రావులపాలెం వచ్చేదాకా తెగదు.

ఈ గొడవే ఫ్లోరిడాలో పెద్ద ఎత్తున నడుస్తోంది. ఓర్లాండో దగ్గర డిస్నీ వరల్డ్ 1971లో తెరిచారు, యూనివర్సల్ స్టూడియోస్ 1990లో వచ్చింది. అప్పట్నించీ అభిమానులు రెండు జట్లు. మా అమ్మాయి వాళ్ళు టాంపాలో ఉంటారు కాబట్టి, ఆ పుణ్యమా అని నేనూ రెండూ చూశాను. మోకాళ్ళ నొప్పుల వల్ల కొన్ని రైడ్లు కింద నుంచే చూశాను లెండి. కింద నిలబడ్డవాడికి తీరిక ఎక్కువ, నాలుగు విషయాలు కంట పడతాయి.

నాకు అనిపించింది ఇదీ. రైడ్ ఎంతసేపు? రెండు మూడు నిమిషాలు. లైన్లో నిలబడేది? రద్దీ రోజున గంట, గంటన్నర. టికెట్టు కొన్నది ఆ మూడు నిమిషాల కోసమే అనుకుంటాం. రోజంతా గడిచేది మాత్రం లైన్లో. పార్కు పనితనం తూచాలంటే ఆ గంటన్నరని ఏం చేశాడో చూడాలి. రైడ్లు గొప్పవా, అలంకరణ గొప్పదా అని విడగొట్టి వాదిస్తే అసలు సంగతి జారిపోతుంది.

రైడ్ ఒక్కటే ముఖ్యం అనే పక్షానికి న్యాయం చేద్దాం ముందు. అమెరికాలో ఇంకో పాత పోటీ ఉంది. ఒహాయోలోని సీడార్ పాయింట్ 2003లో 420 అడుగుల రోలర్ కోస్టర్ నిలబెట్టింది. రెండేళ్ళకి న్యూజెర్సీలో సిక్స్ ఫ్లాగ్స్ వాళ్ళు 456 అడుగులతో కింగ్డా కా కట్టారు. హైడ్రాలిక్ మోటారు కేబుల్‌తో లాగి, మూడున్నర సెకన్లలో బండిని గంటకి 206 కిలోమీటర్ల వేగానికి తెచ్చేది. ఆ వేగంతోనే నిట్టనిలువుగా ఎక్కాలి. గాలి ఎదురైనా, లాగుడు కాస్త తగ్గినా బండి శిఖరం దాటలేక వచ్చిన దారినే వెనక్కి జారేది. కింద అయస్కాంత బ్రేకులు మెత్తగా పట్టుకునేవి. ఇంజినీరు దృష్టిలో అది ముందే లెక్కేసుకున్న పరిస్థితి. అభిమానుల దృష్టిలో? లాటరీ తగిలినట్టే! వెనక్కి జారిన బండిలో నేనున్నాను అని కాలరెగరేసుకునేవాళ్ళు. చుట్టూ అలంకరణ నామమాత్రం, రైడ్ అర నిమిషం లోపే. అయినా జనం గంటలు నిలబడ్డారు. మరి దాని గతేమైంది? 2024లో ఆపేశారు, 2025 ఫిబ్రవరిలో మందుగుండు పెట్టి కూల్చేశారు. ఇంకా తమాషా ఏమిటంటే, ఈలోగా 2024 జూలైలో రెండు కంపెనీలూ విలీనమైపోయాయి. ఇరవై ఏళ్ళు కొట్టుకున్న అభిమానులు ఇప్పుడు ఒకే యజమాని మనుషులు.

అవతలి కొసన డిస్నీ వాళ్ళ స్పేస్ మౌంటెన్ ఉంది. ఫ్లోరిడాలో 1975 నుంచి నడుస్తోంది. దాని వేగం గంటకి 45 కిలోమీటర్లు. మన అంబాజీపేట రోడ్డు మీద కొబ్బరికాయల ఆటో కూడా అంత పోతుంది. కానీ కేకలు మామూలుగా ఉండవు. ఎందుకంటే అది చీకటి గదిలో. మలుపు ఎటో కళ్ళకి తెలిస్తే ఒళ్ళు ముందే సర్దుకుంటుంది, మెడ బిగుస్తుంది. తెలియకపోతే చిన్న కుదుపు కూడా పెద్దదే. అంటే ఇక్కడ చీకటి అలంకరణ కాదు, యంత్రంలో ఒక భాగం.

నాకు బాగా నచ్చింది ఇలాంటిదే ఇంకొకటి, కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో 1969లో తెరిచిన దెయ్యాల బంగళా. లోపలికి వెళ్ళగానే ఒక గదిలో నిలబెట్టి తలుపు మూస్తారు. గోడలు సాగుతున్నట్టు, గోడ మీది బొమ్మలు పొడుగవుతున్నట్టు కనిపిస్తుంది. ఇది భయపెట్టడానికి చేసిన గారడీ అనుకుంటాం. నిజానికి ఆ గది లిఫ్టు. పార్కు చుట్టూ కట్ట ఉంది, కట్ట మీద రైలు తిరుగుతుంది. స్థలం చాలక అసలు రైడ్‌ని కట్టకి అవతల కట్టారు. జనాన్ని రైలు పట్టాల కింద నుంచి అటు పంపాలి, దానికి వాళ్ళని కిందకి దించాలి. దించుతున్న సంగతి తెలియకుండా కథ అల్లారు! అదే బంగళాని ఫ్లోరిడాలో కట్టినప్పుడు ఆ అవసరం లేదు. అక్కడ నేల కదలదు, పైకప్పే లేస్తుంది. అయినా గదిని వదల్లేదు, జనానికి అంత నచ్చింది. ఏది అసలుది అని ఈ రెండు బంగళాల అభిమానులు కూడా కొట్టుకుంటారనుకోండి, అది వేరే సంగతి.

ఫ్లోరిడా అంటే గుర్తొచ్చింది. అక్కడి నేల మన నేలలాంటిదే, నాలుగడుగులు తవ్వితే నీళ్ళు. డిస్నీ వరల్డ్‌లోని మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు కింద పనివాళ్ళు తిరగడానికి సొరంగాలున్నాయని అందరూ వింతగా చెప్పుకుంటారు. సొరంగాలు తవ్వలేదండి. నేల మీదే కట్టి, పక్కన పెద్ద చెరువు తవ్వి, ఆ మట్టి వీటి మీద పోసి, ఆ పైన పార్కు కట్టారు. మనం నడిచేది పై అంతస్తులో అన్నమాట. ఇంటి స్థలం కొనగానే చెరువు మట్టి తోలి మెరక చేసుకునే మనకి ఇది ఒకరు వివరించక్కర్లేదు. ఇంత ఖర్చు దేనికి? కౌబాయ్ వేషం వేసుకున్న పనివాడు భవిష్యత్తు నగరంలోంచి నడిచి వెళ్తే చూసేవాళ్ళకి కథ చెడుతుందని.

యూనివర్సల్ వాళ్ళు చాలాకాలం ఈ విషయంలో వెనకబడ్డ మాట నిజం. 2010లో హ్యారీ పాటర్ లోకం, అదే మంత్రాల బడి కథ, తెరవడంతో లెక్క మారింది. అక్కడ లైను కోట లోపల నుంచే సాగుతుంది, మాట్లాడే చిత్రపటాలు, ప్రిన్సిపాల్ గారి గది చూసుకుంటూ. నాతో ఉన్న మా మనవడు లైను తొందరగా కదులుతోందని విసుక్కున్నాడు! 2014లో ఓర్లాండోలోని తమ రెండు పార్కులని కలుపుతూ రైలు వేశారు. వెళ్ళేటప్పుడు కిటికీలో ఒక దృశ్యం, వచ్చేటప్పుడు ఇంకొకటి. ఆ రైలెక్కాలంటే రెండు పార్కుల టికెట్టూ ఉండాలి, అది వ్యాపారం. దెబ్బ తగిలిన డిస్నీ 2017లో ఒకటి, 2019లో ఒకటి కొత్త లోకాలు కట్టుకుంది. అభిమానుల పోట్లాటలో నాకు కనిపించే లాభం ఇదే, అవతలివాడు ఊరుకోడు.

కానీ ఇద్దరూ కలిసి ఒక పాడు పని చేశారు. అదనంగా డబ్బు కడితే లైను తప్పించుకోవచ్చు. కోట్లు పోసి లైన్లో కథ చెప్పేదీ వాళ్ళే, ఆ కథ వినక్కర్లేకుండా టికెట్టు అమ్మేదీ వాళ్ళే. ఎక్కువ డబ్బు కట్టినవాడు తక్కువ చూసి వస్తాడు.

ఎదురుచూపుని ఎలా నడపాలో తెలియాలంటే కనుమ నాడు మొసలపల్లి జగ్గన్నతోటలో నిలబడండి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదకొండు ప్రభలు, అంటే దేవుణ్ణి నిలిపి భుజాల మీద మోసే ఎత్తైన వెదురు అలంకారాలు, వస్తాయి. ముందు డప్పు వినిపిస్తుంది. తర్వాత కొబ్బరాకుల మీదుగా కొస ఒక్కటి ఊగుతూ కనిపిస్తుంది. "అదిగో మాదే" అని ఒకడు, "మీది కాదు, రంగు చూడు" అని ఇంకొకడు. కాసేపు చెట్ల వెనక మాయం. ఆపైన ఒక్కసారిగా చేలో నిండు ప్రభ! పచ్చటి వరి తొక్కుకుంటూ మోసుకొస్తుంటే రైతు కళ్ళకద్దుకుంటాడు తప్ప కోప్పడడు. గంగలకుర్రు ప్రభలైతే కౌశిక ఏటి నీళ్ళలో దిగి దాటాలి. గట్టు మీద జనం ఊపిరి బిగబట్టేది అప్పుడే. ఎక్కడానికి రైడ్ లేదు, కూర్చోడానికి సీటు లేదు. చూపించడం, దాచడం, మళ్ళీ చూపించడం, అంతే. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా ప్రభలనే పంపారు. శకటం మీద బాగానే ఉంది గానీ, చేలో నిలబడి ఎదురుచూస్తే ఉండేది అందులో ఎక్కణ్ణించి వస్తుంది?

సరే, తీర్పు చెప్పమంటారు. ఒంట్లో సత్తువ ఉంటే యూనివర్సల్, నాలాంటివాళ్ళకి డిస్నీ. హైదరాబాద్‌లో రైడ్లకి వండర్‌లాయే, అందులో వాదన లేదు. కాకపోతే రామోజీ పార్టీ తమ బలం తాము చెప్పుకోవడం లేదు. డిస్నీ గుట్టు దాస్తుంది, రామోజీలో గుట్టే చూపిస్తారు. ముందు మేడ, వెనక్కి వెళ్తే కర్రలు, ప్లైవుడ్డు. ఎలా మోసపోయామో తెలిసాక కూడా ముచ్చటేస్తుంది. అది వాదించండి, గెలుస్తారు.

చివరిగా ఒకటి. 2025 మేలో యూనివర్సల్ వాళ్ళు ఎపిక్ యూనివర్స్ అని కొత్త పార్కు తెరిచారు. అయిదు లోకాలు, ఒక్కోదానికి ఒక్కో ద్వారం. అభిమానులు రైడ్లని ఆకాశానికెత్తారు. తిట్టింది దేనికంటే, నీడ లేదని. రోహిణి కార్తె ఎండ తెలిసిన మీరు చెప్పండి, థీమ్ పార్కు మార్కుల్లో నీడకి ఎన్ని వెయ్యాలి? నేనైతే సగం వేస్తాను. మీరెన్ని వేస్తారో టీ తాగుతూ తేల్చుకుందాం, ఫ్లాస్కులు వచ్చేశాయి.