కొరాపుట్ చలిలో ఫైటర్ ఫిష్: ఈ ఐదు లీటర్ల కిట్ కొనొచ్చా?

నమస్తే అండి. ఈ రోజు వీడియో ఫైటర్ ఫిష్ పెంచేవాళ్ళ కోసం, అదే బెట్టా, అందులోనూ ఒడిశాలో మా కొరాపుట్ కొండల మీద, సునాబెడ, సెమిలిగుడ, దామన్‌జోడి వైపు ఉన్న మన తెలుగువాళ్ళ కోసం. కింద మైదానంలో ఉన్నవాళ్ళూ చూడొచ్చు, కానీ మా బాధ వేరు.

ఇదిగో, టేబుల్ మీద ఉన్నది ఐదు లీటర్ల ప్లాస్టిక్ కిట్. కంపెనీ పేరు చెప్పను, ఆన్‌లైన్‌లో ఇలాంటివే రకరకాల పేర్లతో దొరుకుతాయి. మూతలో రంగులు మారే లైటు ఉంది, మూలకి చిన్న ఫిల్టరు, ఒక పాకెట్ రంగు రాళ్ళు, మధ్యలో పెట్టుకోవడానికి ఒక అడ్డు పలక. చూడటానికి బాగుందండి, కాదనను. తీర్పు ముందే చెప్పేస్తా: చేప ఎప్పటికీ ఇందులోనే ఉండాలి అనుకుంటే కొనకండి.

ఎందుకో చెప్తా. బెట్టాకి నీళ్ళు 25 నుంచి 27 డిగ్రీల దగ్గర ఉంటే హాయి. మన దగ్గర డిసెంబర్, జనవరిలో బయట తెల్లవారుజామున పది డిగ్రీల కిందికి పోయే రోజులుంటాయి, ఇంట్లో కాస్త మేలే అనుకోండి, అయినా ఐదు లీటర్ల నీళ్ళు ఎంతసేపని వెచ్చగా ఉంటాయి? గ్లాసులో పోసిన టీ చల్లారినంత త్వరగా గిన్నెలో టీ చల్లారదు కదా, ఇదీ అంతే. పగలు కిటికీ ఎండకి వేడెక్కి రాత్రికి ఢమాల్న పడిపోతుంది, ఆ ఎత్తుపల్లాలే చేపని నీరసపెడతాయి. పోనీ హీటర్ పెడదామంటే ఈ కిట్‌లో దానికి చోటే లేదు, కష్టపడి ఇరికించినా ఇంత తక్కువ నీటిలో హీటర్ ఆగకుండా పనిచేసిందంటే చేప ఉడికిపోతుంది.

షాపుల్లో ఒక మాట చెప్తారు, "ఇది కప్పులో కూడా బతుకుతుంది సార్" అని. సగం నిజమే. బెట్టా నీటి పైకొచ్చి గాలి పీల్చుకోగలదు, తలలో అందుకు ప్రత్యేకంగా ఒక అవయవం ఉంటుంది, అందుకే ఆక్సిజన్ తక్కువున్న నీళ్ళలో కూడా వెంటనే చచ్చిపోదు. థాయ్‌లాండ్‌లో వరిమళ్ళలో, మురుగు కాలువల్లో కనిపించే చేప ఇది, 2019లో ఆ దేశం దీన్ని జాతీయ జలచరంగా కూడా ప్రకటించుకుంది. కానీ ఆ వరిమడి లోతు తక్కువైనా విశాలంగా, వెచ్చగా ఉంటుంది, మొక్కలుంటాయి. కప్పులో ఏముంది చెప్పండి, దాని మలమూత్రాలు తప్ప?

ఇక్కడే అసలు విషయం, అమోనియా. చేప విసర్జించేదీ, తినకుండా వదిలేసిన మేత కుళ్ళిందీ కలిసి అమోనియా అవుతుంది, అది చేపకి విషం. ఫిల్టర్ స్పాంజిలో పెరిగే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, అది కూడా విషమే, ఆ తర్వాత అంత ప్రమాదం లేని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి మామూలుగానే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, చల్లటి నీటిలో ఇంకా ఆలస్యం. అంటే చలికాలంలో హీటర్ లేకుండా కొత్త ట్యాంక్ మొదలుపెట్టామంటే చేపకి రెండు దెబ్బలు ఒకేసారి.

అప్పుడేం జరుగుతుందంటే, చేప అడుగున పడుకుంటుంది, తినదు, రెక్కలు ముడుచుకుంటుంది. మనకి టెన్షన్. షాపుకి ఫోన్ చేస్తే నీలం మందు వెయ్యమంటారు. దయచేసి వెయ్యకండి, ముందు థర్మామీటర్ చూడండి! నీలం మందు అంటే మెథిలిన్ బ్లూ, అది ఫిల్టర్‌లో ఉన్న మంచి బ్యాక్టీరియాని కూడా చంపేస్తుంది, దాంతో అమోనియా ఇంకా పెరుగుతుంది. చాలాసార్లు చేపకి జబ్బు ఉండదు, చలి ఉంటుంది. నీళ్ళని మెల్లగా, గంటకి ఒకటి రెండు డిగ్రీల చొప్పున వెచ్చబెడితే అదే తిరుగుతుంది. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు కనిపించాయా, రెక్క అంచులు నల్లబడి చిరుగుతున్నాయా, అప్పుడు మందు గురించి మాట్లాడుకుందాం.

మరి ఏం కొనాలి? అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గాజు ట్యాంక్ చేయించుకోండి, దాదాపు 28 లీటర్లు పడుతుంది, నిండా పొయ్యకుండా 25 దాకా పోస్తే చాలు. దానికి 50 వాట్ల హీటర్, ఇల్లు మరీ చల్లగా ఉంటే 75 లేదా 100, ఉష్ణోగ్రత మనమే సెట్ చేసుకునే రకం తీసుకోండి. హీటర్ మీద రాసిన అంకెని నమ్మకుండా విడిగా ఒక థర్మామీటర్ పెట్టండి. ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ పెట్టండి, దాని ప్రవాహం మెత్తగా ఉంటుంది. ఈ కిట్‌లో ఉన్న బుల్లి మోటర్ నీళ్ళని ఎలా తోస్తోందో చూడండి, పొడవాటి రెక్కల చేపకి రోజంతా ఎదురీతే. మూత తప్పనిసరి, బెట్టా ఎగిరి దూకుతుంది, పైగా మూత ఉంటే నీటి పైన గాలి కూడా వెచ్చగా ఉంటుంది, అది పీల్చేది ఆ గాలే.

మేత గురించి పెద్దగా చెప్పేదేం లేదు, చిన్న పెల్లెట్లు పూటకి రెండో మూడో, వారానికి ఒకరోజు పస్తు. వారానికోసారి పావు వంతు నీళ్ళు మార్చండి, కొత్త నీళ్ళలో యాంటీ క్లోరిన్, అంటే కుళాయి నీళ్ళలోని క్లోరిన్‌ని పోగొట్టే మందు, కలిపి, దాదాపు అదే వెచ్చదనంలో పొయ్యండి. నీళ్ళు తీసే ముందు హీటర్ ప్లగ్ పీకి కొంచెంసేపు ఆగండి, వేడి గాజు గాలి తగిలితే పగులుతుంది. బాదం చెట్టు కింద రాలిన ఎండుటాకు ఒకటి కడిగి వేస్తే నీళ్ళు టీ రంగుకి వస్తాయి, కంగారుపడకండి, బెట్టాకి అది ఇష్టమే. పురుగుమందు కొట్టిన చెట్టుది మాత్రం వద్దు.

విశాఖ నుంచి చేప తెచ్చుకునేవాళ్ళు, సాలూరు ఘాట్ ఎక్కినా అరకు రైలెక్కినా, కవర్‌ని థర్మాకోల్ డబ్బాలో పెట్టుకోండి. కిటికీ పక్కన వేలాడదీస్తే పైకొచ్చేసరికి చలికి చేప పని సగం అయిపోతుంది.

కరెంటు పోతే ట్యాంక్ చుట్టూ దుప్పటి చుట్టండి, మేత ఆపండి, మూత తియ్యకండి. కొన్ని గంటలు తట్టుకుంటుంది.

ఇప్పటికే ఈ కిట్ కొనేసినవాళ్ళు తిట్టుకోకండి, కొత్త చేపని కొన్నాళ్ళు విడిగా ఉంచడానికో, జబ్బు చేసినదానికి మందు వెయ్యడానికో ఇది పనికొస్తుంది, రోజూ నీళ్ళు మారుస్తూ వెచ్చని గదిలో పెట్టుకోండి. ఆ అడ్డు పలక మాత్రం వాడకండి. అటొక మగ చేప, ఇటొక మగ చేప పెట్టి చూసుకోమని ఇచ్చారు, అవి ఒకదాన్నొకటి చూసుకుంటూ పొద్దస్తమానం మొప్పలు విప్పి కోపంతో ఊగిపోతుంటాయి, మనకి అందంగా కనిపించేది దానికి నరకం.