తీగ కాటేయదు

సభకు నమస్కారం. ఇచ్చింది ఐదు నిమిషాలే కాబట్టి వేదిక మీది పెద్దలందరికీ కలిపి ఒకే దండం.

ప్రాణం లేనివాటికి మనసు అంటగట్టడం మనకు అలవాటే. ఖాళీ ఇల్లు బావురుమంటుంది, ఆకాశం చిన్నబోతుంది, ఇంజను మొరాయిస్తుంది. వ్యాకరణం మాత్రం ఈ మాయలో పడదు. పిల్లలు ఏడ్చారు అంటాం, గోడలు ఏడ్చాయి అంటాం. ఎంత కవిత్వం పొంగినా 'గోడలు ఏడ్చారు' అనం. ఏకవచనంలో 'ఆమె ఏడ్చింది', 'గోడ ఏడ్చింది' ఒకేలా ఉంటాయి. గుట్టు బయటపడేది బహువచనంలోనే.

మేఘాన్నీ గాలినీ చంద్రుణ్నీ దూతలుగా పంపడం యుక్తి కాదన్నాడు భామహుడు, పాతకాలపు సంస్కృత అలంకారశాస్త్రకారుడు. నోరులేనిది కబురెలా చెబుతుంది? అంటూనే ఒక మినహాయింపు ఇచ్చాడు: బెంగతో పిచ్చెత్తినవాడు అలా మాట్లాడితే సరేనని. మేఘంతో ప్రియురాలికి కబురంపిన కాళిదాసు యక్షుడు ఆ మినహాయింపులో హాయిగా ఇమిడిపోతాడు.

మరి వార్త రాసేవాడికి విరహం ఎక్కడిది? అసలు నా గొడవ ఇదే. 'ముగ్గురిని కాటేసిన కరెంటు తీగ' అని శీర్షిక పెడతారు. తీగ పామైపోయింది. పాము కాటేస్తే ఇక ఎవరిని అడుగుతాం? తీగ ఎప్పుడు తెగింది, ఎవరికి చెప్పారు, సరఫరా ఎందుకు ఆపలేదు? ఇన్ని ప్రశ్నలనూ 'కాటేసిన' అన్న ఒక్క మాట మింగేసింది. 'మృత్యువై దూసుకొచ్చిన లారీ' కూడా ఇంతే. అయ్యా, లారీని ఎవరో నడుపుతారు! బ్రేకులు ఎవరో చూడాలి, లోడు ఎవరో ఎక్కించాలి.

దిద్దడం కష్టమేం కాదు. వస్తువుకు తగిలించిన మనసు మాట కింద గీత గీయండి. ఆ చోట వస్తువుకు నిజంగా జరిగింది రాయండి: తెగింది, వేలాడింది, తగిలింది. తర్వాత 'ఎవరు?' అని అడగండి. జవాబు దొరికితే ఆ మనిషిని కర్తగా పెట్టండి, దొరక్కపోతే తెలియలేదని రాయండి. 'తెగి వేలాడుతున్న తీగ తగిలి ముగ్గురి మృతి'. చోటు పెద్దగా పెరగలేదు చూడండి.

అలాగని బావురుమనే ఇంటి జోలికి వెళ్లకండి, అక్కడ దాక్కున్నవాళ్లెవరూ లేరు.

ఇంజను సంగతి మరిచాను. మొరాయించడం ఎద్దుకో గుర్రానికో చెప్పే మాట. కబుర్లలో బాగుంటుంది. రిపేరు పుస్తకంలో అదే రాస్తే మెకానిక్కు ఏం తెలుస్తుంది? అసలు స్టార్టే కావడం లేదా, స్టార్టయి ఆగిపోతోందా, వేడెక్కాకే ఆగుతోందా? మూడింటికీ వెతకాల్సిన చోట్లు వేరు.